విప్పిన డబ్బీ

"...తింటే తిన్నానని చెప్పనా? తినని దానికి ఏం చెప్పమంటారు నన్ను?"

"మరి ఇదేం చెబుతోంది?"

"దాన్నే అడగండి. అది చెప్పిందే నిజమైతే ఇంక నాతో మాటలెందుకు?"

పక్క వాటాలో కుట్టుమిషను ఆగింది. రెండు వాటాలకీ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. పొద్దున్న ఆరున్నరకే కుట్టుపనికి కూర్చునే అమ్మాయికి, ఆ గోడ అవతల సోమవారం, గురువారం మాత్రమే గొడవ జరుగుతుందని నెల్లాళ్ళుగా తెలుసు.

"సోమవారం నూట ముప్ఫై ఎనిమిది. ఇవాళ రెండు వందల నలభై ఆరు," అన్నారు మాస్టారు. "ఈ మధ్యలో ఏం జరిగింది?"

"మూడు రోజులు జరిగాయి."

"వేళాకోళం వద్దు. తిండి అదే, మాత్రలు అవే, ఇంజెక్షను నేనే ఇచ్చాను. మధ్యాహ్నాలు బేకరీలో నువ్వొక్కదానివే ఉంటావు. ఎవరూ చూడనిది ఆ రెండు గంటలే."

కుట్టుమిషను మళ్ళీ మొదలైంది. ఈసారి అవసరానికి మించి చప్పుడు చేసింది.

మాస్టారు బడిలో చదువు చెప్పే మాస్టారు కారు. ఇనప సామాన్ల దుకాణంలో ఇరవై రెండేళ్ళుగా స్టోరు చూస్తున్నారు. స్క్రూలు, బోల్టులు, వాషర్లు, బందులు, గొళ్ళాలు అన్నీ ఆయన చేతిమీదుగానే బయటికి వస్తాయి. చేరిన కొత్తలో ఒకే రకం స్క్రూలకి ఐదు డబ్బాలు విప్పి ఉండటం చూసి, ఆయనకి ఆ రాత్రి అన్నం సహించలేదట. మర్నాడే ఒక నియమం పెట్టారు: ఒక రకానికి విప్పిన డబ్బా ఒక్కటే ఉండాలి. సగం సగం ఉన్నవి ఒకదాంట్లో పోసెయ్యాలి. అప్పట్నుంచి ఆయన డబ్బాల మాస్టారు. "మాస్టారు ఒక నిద్ర పూర్తిగా అయ్యాకే ఇంకోటి విప్పుతారు" అని కౌంటర్లో వాళ్ళు నవ్వుకుంటారు. ఆయనకీ అది వినబడుతుంది, కోపం రాదు.

ఇంట్లోనూ అదే పద్ధతి. టీపొడి రెండు పొట్లాలు విప్పి ఉండవు. సబ్బు అరిగి ఆకులా అయ్యాక కొత్త సబ్బుకి అంటిస్తారు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ దీన్ని తల్లికి ఉత్తరంలో రాసి నవ్వించింది. తర్వాత తనకీ అలవాటైపోయింది.

ఆవిడకి షుగరు వచ్చి తొమ్మిదేళ్ళు. మొదట మాత్రలు, రెండేళ్ళుగా పొద్దునా రాత్రీ ఇన్సులిన్. రక్తం చూసే చిన్న మిషను ఇంట్లోకి వచ్చి ఆరేళ్ళయింది. మిషను చవగ్గానే వచ్చింది. ఖరీదంతా స్ట్రిప్పులది. వేలు గుచ్చి, రక్తపు చుక్కని ఒక స్ట్రిప్పు అంచుకి తాకిస్తే ఐదు సెకండ్లలో అంకె వస్తుంది, స్ట్రిప్పు చెత్తబుట్టలోకి పోతుంది. రోజుకి రెండుసార్లు చూసుకోమన్నారు డాక్టరు. వీళ్ళు వారానికి రెండుసార్లకి కుదించుకున్నారు. చుక్క చాలక ఒక స్ట్రిప్పు పాడైతే ఆ పూటంతా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు.

డబ్బుతోపాటు ఈమధ్య ఇంకో బాధ మొదలైంది. ఆ మిషనుకి సరిపడే స్ట్రిప్పులు దొరకడం మానేశాయి.

"కంపెనీవాళ్ళు ఈ మోడల్ ఆపేస్తున్నారు బాబాయ్," అన్నాడు మందుల షాపతను. "కొత్త మిషను తీసుకో. మిషను దాదాపు ఊరికే ఇస్తున్నారు."

"స్ట్రిప్పులో?"

"అవి ఊరికే ఇస్తే వాళ్ళేం తింటారు?"

కొత్తదాని స్ట్రిప్పులు పాతవాటికి రెండింతలు. మాస్టారు ఆరు షాపులు తిరిగి, చివరికి బస్టాండు వెనక షాపులో పాత రకానిదే ఒక డబ్బీ పట్టుకున్నారు. అది వాడగా వాడగా పంతొమ్మిది స్ట్రిప్పులు మిగిలి ఉన్నప్పుడు, దుకాణానికి తరచూ వచ్చే ప్లంబరు ఒక డబ్బీ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

"మా అమ్మవి మాస్టారూ. ఇంక మా ఇంట్లో అక్కర్లేదు కదా. మీ ఇంటావిడదీ ఇదే మిషను అన్నారు."

తల్లి పోయి అప్పటికి నెల. మాస్టారు అతని చెయ్యి పట్టుకుని వదిలేశారు. డబ్బీలో ఇరవై మూడు స్ట్రిప్పులున్నాయి. గడువు తేదీ చూశారు, ఇంకా ఎనిమిది నెలలుంది. దాదాపు మూడు నెలల చూపు చేతికొచ్చినట్టయింది. ఆరోజు సాయంత్రం నడకలో కాస్త వేగం పెరిగింది.

ఇంటికొచ్చి, చేతులు కడిగి, తుడుచుకుని, ప్లంబరు ఇచ్చిన ఇరవై మూడూ తమ డబ్బీలో పోసి మూత బిగించారు. ఖాళీ అయిన డబ్బీ బిగువైన మూతతో ముచ్చటగా ఉంది. పారెయ్యబుద్ధి కాలేదు. మర్నాడు దుకాణానికి పట్టుకెళ్ళి, ఎప్పుడూ పొట్లంలోంచి జారిపోయే సన్నటి ఇత్తడి స్క్రూలు అందులో పోశారు. రకం పేరు రాసిన చీటీ దాని మీద అంటించి, కళ్ళెదుటి అరలో పెట్టుకున్నారు.

ఆ వారం నుంచే అంకెలు ఎగుడుదిగుడు కావడం మొదలైంది. ఒకరోజు నూట నలభై. ఇంకోరోజు రెండు వందల ఇరవై. మళ్ళీ నూట యాభై. జబ్బు ముదిరితే అన్నీ పెరగాలి. మందు పనిచేస్తే అన్నీ తగ్గాలి. ఇలా ఒకటి విడిచి ఒకటి పెరగడం మనిషి చేసే పనిలాగే కనిపించింది ఆయనకి. అంకెలు రాసే పుస్తకంలో ఎక్కువ వచ్చినవాటి కింద ఎర్ర గీత గీసి, పక్కనే ఆ ముందురోజు ఆవిడ బేకరీలో ఏ వేళ పనిచేసిందో రాశారు. వెతికితే పోలిక దొరికింది. నాలుగు ఎర్ర గీతల్లో మూడింటి పక్కన మధ్యాహ్నమే ఉంది.

రెండు వందల నలభై ఆరు వచ్చిన గురువారం, ఆయన దుకాణంలో గంటసేపు సెలవడిగి బేకరీకి వెళ్ళారు.

ప్యాకింగు గదిలో నలుగురు ఆడవాళ్ళు పొడుగాటి బల్ల చుట్టూ నిలబడి బిస్కెట్లు పేరుస్తున్నారు. ఆవిడ లోపల ట్రేలు తేవడానికి వెళ్ళింది. యజమానురాలు గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"రండి మాస్టారూ. ఏమిటిలా దారితప్పారు?"

"ఆవిణ్ణి మధ్యాహ్నాలు ఒంటరిగా ఉంచకండమ్మా. షుగరు బాగా పెరుగుతోంది."

"అయ్యో. మా దగ్గర తింటోందనా? పదకొండేళ్ళుగా చూస్తున్నాను మాస్టారూ. ఆవిడ చేతిలో లెక్క ఎప్పుడూ తప్పలేదు."

"లెక్క తప్పకపోవచ్చమ్మా. విరిగినవి లెక్కలోకి రావు కదా."

బల్ల దగ్గర చేతులు ఆగాయి. ఆయన అది గమనించారు. గమనించి కూడా, చెప్పాల్సింది చెప్పాననే అనుకున్నారు. వెనక్కి తిరిగేసరికి లోపలి గుమ్మం దగ్గరికి ఆవిడ ట్రే పట్టుకుని అప్పుడే వచ్చింది. ట్రే బల్లమీద పెట్టి, మళ్ళీ లోపలికెళ్ళింది.

సాయంత్రం మామూలుకన్నా ముందే ఇంటికొచ్చింది. పనిలో కట్టుకునే తెల్ల గుడ్డ మడతపెట్టి చంకలో ఉంది.

"ఒంట్లో కుదుటపడేదాకా ఇంట్లో ఉండమంది బేకరీ అమ్మ. మంచిమాటగానే చెప్పింది," అంది. చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది. "విరిగినవి రోజూ సాయంత్రం తూకం వేసి ఇస్తాం. మీకు తెలీదు."

ఆయన పేపరు మడిచి మళ్ళీ విప్పారు. "నీ మంచికే కదా చెప్పింది."

"ఎవరు కాదన్నారు?"

ఆపైన పోట్లాటలు ఆగిపోయాయి. పక్క వాటా అమ్మాయికి సోమవారం, గురువారం కూడా కుట్టుమిషను ఆపాల్సిన పని లేకపోయింది. ఆవిడ ఇంట్లోనే ఉంటోంది, అంకెలు మాత్రం అలాగే ఎగురుతున్నాయి. పదిరోజులు గడిచాక ఒక పొద్దున, రెండు వందల ముప్ఫై చూపిస్తున్న మిషను వైపు చూస్తూ ఆవిడే అంది.

"నాకు తెలీకుండా తింటున్నానేమోనండీ."

"తెలీకుండా ఎలా తింటావు?"

"ఏమో. నిద్దట్లో లేచి తింటున్నానేమో. లేకపోతే ఇదంతా ఎక్కణ్ణుంచి వస్తుంది? పంచదార డబ్బాకి తాళం వేసెయ్యండి. తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి."

ఆయన దుకాణం నుంచి చిన్న గొళ్ళెం, బుడ్డ తాళం తెచ్చి, రేకు డబ్బాకి రెండు చిల్లులు వేసి బిగించారు. పని నీటుగా కుదిరింది. తాళంచెవి తన తాళాల గుత్తిలో వేసుకున్నారు. ఆవిడ పక్కనే నిలబడి డబ్బా పట్టుకుంది, కదలకుండా ఉండటానికి.

డాక్టరు పుస్తకం చూశారు. ఎర్ర గీతలన్నీ శుభ్రంగా, తేదీలతో సహా ఉన్నాయి. "ఇంత చక్కగా రాసేవాళ్ళు నా దగ్గర ఇంకెవరూ లేరు" అని మెచ్చుకుని, ఇన్సులిన్ పద్నాలుగు యూనిట్ల నుంచి ఇరవైకి పెంచారు.

పెంచిన ఐదోరోజు గురువారం. పొద్దున్న అంకె రెండు వందల పది. ఇరవై యూనిట్లు వేశారు. అంకె చూసి భయపడి ఆవిడ సగం తిండే తిన్నది. మాస్టారు దుకాణానికి వెళ్ళిపోయారు. పదకొండు గంటలప్పుడు కౌంటర్లో ఫోను మోగింది.

"అన్నయ్యగారూ, నేను పక్క వాటా నుంచి. అక్క పడిపోయింది. వీధి చివర క్లినిక్కుకి తీసుకొచ్చాం. మీరు తొందరగా రండి."

ఆయన వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని గ్లాసు పట్టుకుని ఉంది. జాకెట్టు చెమటకి తడిసిపోయింది. నర్సు ఇంకోసారి వేలు గుచ్చింది. "ఇప్పుడు తొంభై నాలుగు. వచ్చినప్పుడు నలభై ఆరుంది. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేను."

"పొద్దున్న రెండు వందల పది ఉందే."

"మీ మిషన్లోనా? డబ్బీ మీది నంబరూ మిషన్లో నంబరూ సరిచూస్తారా? ఆ పాత రకానికి రెండూ కలవాలి, లేకపోతే అంకె తప్పొస్తుంది."

"ప్రతిసారీ చూస్తాను," అన్నారు మాస్టారు. కాస్త నొచ్చుకున్నారు కూడా. "ఇరవై నాలుగు. రెంటిలోనూ ఇరవై నాలుగే."

"అయితే ఇన్సులిన్ ఎక్కువైంది. డాక్టరుగారితో మాట్లాడండి." నర్సు ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

కుట్టుపని అమ్మాయి ఆయన్ని వరండాలోకి పిలిచింది. గొంతు తగ్గించి చెప్పింది. "గోడమీద కొట్టిందండి అక్క. ఏదో సామాను పడేసిందనుకున్నాను మొదట. వెళ్ళి చూస్తే వంటగదిలో కింద కూర్చుని ఉంది. చెంచాతో డబ్బా మూత ఎత్తబోతోంది. చేతులు వణికి రావట్లేదు. నేను మా ఇంట్లోంచి పంచదార తెచ్చి నీళ్ళలో కలిపి తాగించాను." తర్వాత అడిగింది. "దానికి తాళమెందుకు అన్నయ్యగారూ?"

ఆయన జేబులో చెయ్యి పెట్టుకున్నారు. తాళాల గుత్తి అక్కడే ఉంది.

సాయంత్రం వంటగదిలో ఆ డబ్బా చూశారు. మూత ఒక పక్క వంగింది. గొళ్ళెం మాత్రం చెక్కుచెదరలేదు. బిగించడం అంత బాగా కుదిరింది. తాళం తీసి, పటకారతో గొళ్ళెం ఊడబెరికి, చిల్లులకి కాగితం అంటించారు. ఆవిడ గదిలో పడుకుని ఆ చప్పుళ్ళన్నీ వింది.

"తియ్యకండి," అంది. "మళ్ళీ తింటానేమో."

శుక్రవారం దుకాణంలో ఎవరో సన్నటి ఇత్తడి స్క్రూలు పన్నెండు కావాలన్నారు. మాస్టారు అరలోంచి చిన్న డబ్బీ తీసి, మూత విప్పి, అరచేతిలో పోసి పన్నెండు ఎంచారు. మూత పెట్టబోతూ ఆగారు. ఆయన అంటించిన చీటీ డబ్బీకి పై సగమే కప్పింది. కింద సగంలో, గడువు తేదీ పక్కన, చిన్న గడిలో ఒక నంబరు ఉంది.

పదిహేడు.

రెండు నెలలుగా అది ఆయన కళ్ళెదుటి అరలోనే ఉంది.

"మాస్టారూ, పన్నెండేనా ఇచ్చింది? పదమూడున్నట్టున్నాయే," అన్నాడు కొనే మనిషి.

"ఉంచండి," అన్నారాయన.

నెల కిందటే ఇదే కౌంటర్లో ఒక కొత్త గుమాస్తాని అందరి ముందూ చివాట్లు పెట్టారు. రెండు డబ్బాల స్క్రూలు కలిపేశాడు. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, మర చుట్లు తేడా. "చూడ్డానికి ఒకటేనయ్యా, డబ్బా మీద నంబరు ఎందుకేస్తారు మరి? అలంకారానికా?" అన్నారు. అందరూ నవ్వారు.

ఆయన స్టోరులోకి వెళ్ళి, బస్తా మీద కూర్చున్నారు. నలభై రెండు స్ట్రిప్పులు ఒకే డబ్బీలో. పంతొమ్మిదింటికి ఇరవై నాలుగు సరైన నంబరు. ఇరవై మూడింటికి కాదు. చేతికి ఏది తగిలితే అది. నూట ముప్ఫై ఎనిమిది ఆవిడ ఒంటిది. రెండు వందల నలభై ఆరు తన చేతిది. నర్సు అడిగితే ప్రతిసారీ చూస్తానన్నారు. అబద్ధమేమీ కాదు, ప్రతిసారీ చూశారు. డబ్బీ మీద చూశారు.

మధ్యాహ్నం మందుల షాపుకి వెళ్ళారు. కొత్త మిషను, దాని స్ట్రిప్పులు తీసుకున్నారు. ధర అడగలేదు. షాపతనికే అనుమానమొచ్చింది.

"ఏంటి బాబాయ్, బేరం కూడా లేదు?"

ఎవరితోనైనా ఒకసారి అనేస్తే నోటికి అలవాటవుతుందనిపించిందేమో, జరిగింది చెప్పారు. అతను నవ్వబోయి, ఆయన మొహం చూసి మానేశాడు.

"చాలామంది చేస్తారు బాబాయ్. ఇంట్లో చెప్పడమెందుకు, గొడవ? పాత మిషను పాడైపోయిందను. నిజంగానే పాతది కదా. పిన్ని నువ్వు ఏం చెబితే అది నమ్ముతుంది."

ఆఖరి మాట దగ్గర మాస్టారు సంచి తీసుకుని బయటికి నడిచారు.

దారిపొడుగునా ఆ వాక్యమే తిప్పి తిప్పి అనుకున్నారు. మిషను పాడైంది. మిషను పాడైంది. ఇంటి మెట్లెక్కేసరికి అది బాగా నలిగి, నోట్లో ఇమిడిపోయింది.

ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆయన కొత్త మిషను పెట్టె బల్లమీద పెట్టారు.

"ఇదెందుకు?"

"పాత మిషను పాడైపోయింది. తప్పు చూపిస్తోంది."

ఆవిడ చేతిలో గింజలు అలాగే ఉండిపోయాయి. "తప్పు చూపిస్తోందా?"

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"రెండు నెలల్నుంచి అయ్యుంటుంది."

"అయితే నేను తినలేదా?"

ఆయన్ని కాదు అడిగింది. చేట వైపు చూస్తూ తనలో తాను అనుకుంది. తర్వాత నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. "నేను తినలేదన్నమాట. చూశారా, రాత్రిళ్ళు మేలుకుని చూసేదాన్నండీ, లేస్తానేమోనని. నా చీరకొంగు మంచానికి కట్టుకున్నాను రెండు రోజులు. మీకు చెప్పలేదు, నవ్వుతారని. పాడు మిషను. ముండమోపి మిషను. మనిద్దర్నీ ఎంత ఆడించింది!"

మనిద్దర్నీ అంది. ఆయన కుర్చీలో కూర్చోబోయి, కూర్చోలేదు. గూట్లోంచి ఒకటి, సంచిలోంచి ఒకటి, రెండు డబ్బీలు తీసి ఆవిడ ముందు కిటికీ పలక మీద పక్కపక్కన పెట్టారు. ఒకదాంట్లో ఇత్తడి స్క్రూలు ఇంకా ఉన్నాయి.

"మిషను బాగానే ఉంది," అన్నారు. "ఇది మనది. ఇది ప్లంబరు ఇచ్చింది. దీంట్లోవి దాంట్లో పోశాను. నంబర్లు వేరు. నేను చూసుకోలేదు."

ఆవిడ ఒక డబ్బీ ఎత్తి వెలుగుకి పట్టుకుంది. తర్వాత రెండోది. ఇరవై నాలుగు. పదిహేడు. అంకెలు చదవడానికి అవసరమైనదానికన్నా చాలా ఎక్కువసేపు చూసింది.

"ఎందుకు పోశారు?"

"రెండు విప్పి ఉన్నాయని."

పక్క వాటాలో కుట్టుమిషను నడుస్తోంది. ఆవిడ డబ్బీలు కింద పెట్టింది. చేటలో మిగిలిన బియ్యం ఏరింది. రాళ్ళు మూడు వచ్చాయి, కిటికీలోంచి బయటికి వేసింది. ఆయన నిలబడే ఉన్నారు.

"డాక్టరుకి చెప్పారా?"

"ఇంకా లేదు. రేపు వెళ్తాను."

"ఇవాళే వెళ్ళండి. రాత్రి ఇంజెక్షను ఉంది." ఏరిన బియ్యం గిన్నెలో పోసి అడిగింది. "బేకరీలో మీరు ఆ మాట అన్నప్పుడు బల్ల దగ్గర ఎంతమంది ఉన్నారు?"

"నలుగురు. బేకరీ అమ్మతో కలిపి ఐదుగురు."

"ఏమన్నారో మళ్ళీ చెప్పండి."

"నీకు తెలుసు కదా."

"నాకు వాళ్ళు చెప్పారు. మీ నోటితో వినలేదు."

"విరిగినవి లెక్కలోకి రావు కదా అన్నాను."

ఆవిడ తలూపింది. లేచి, చేట గోడకి తగిలించి, బీరువా తెరిచింది. మడతపెట్టిన తెల్ల గుడ్డ తీసి, దులిపి, కుర్చీ వీపు మీద పరిచింది. ఎర్ర గీతల పుస్తకం, కొత్త మిషను, తాళాల గుత్తిలోంచి విడిగా తీయించుకున్న చిన్న తాళంచెవి, మూడూ తన సొరుగులో పెట్టి మూసింది.

"రేపు ఎనిమిదింటికి అందరూ బల్ల దగ్గరుంటారు," అంది. "మీరు ఎనిమిదింపావుకి వెళ్ళి చెప్పండి. నేను ఎనిమిదిన్నరకి పనిలోకి వెళ్తున్నాను."